దోసియా అడిగిన గీత

ఎన్నికల రోజు దోసియా కిన్‌డ్రాచుక్‌కు పండుగ కాదు, మొక్కు. ఆ రోజు పొద్దున్నే పువ్వుల రుమాలు తలకు కట్టుకుని, చర్చికి వేసుకునే నల్ల కోటు తొడుక్కుని, వీధి దాటి ఎదురింటి తలుపు కొట్టేది. లోపల వెర్నా కొక్రేన్ అప్పటికే బూట్లు వేసుకుని కూర్చుని ఉండేది. ఇద్దరూ చేతిలో చెయ్యి వేసుకుని సెయింట్ బేసిల్ చర్చి కింది హాలుకు నడిచేవారు. ఓటు వేసి వచ్చాక దోసియా వంటింట్లో టీ, తేనె కేకు. ఎవరికి వేశావని ఒకరినొకరు ఏనాడూ అడిగి ఎరుగరు. విన్నిపెగ్‌లో రైలు యార్డుకు ఉత్తరాన ఉన్న ఆ పేటలో ఈ నడక చూడనివాళ్ళు లేరు.

"బయల్దేరాయమ్మా జోడెడ్లు! కాడి ఒక్కటే తక్కువ," అని హాలు మెట్ల దగ్గర నిలబడి ఎగతాళి చేసేవాడు హెర్షెల్ బ్లాట్నిక్.

"మాకు కాడి ఎందుకు, నీ నోరుంది చాలదూ?" అనేది దోసియా.

హెర్షెల్ ఇల్లు దోసియా పెరటి వెనక సందుకు అవతల. కోట్ల ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరించే పని చేసి మానేశాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఉన్నదల్లా పెరట్లో టమాటా మొక్కలు, సెయింట్ బేసిల్ నియోజకవర్గం. ఎన్నికలొస్తే తన పార్టీ అభ్యర్థి పేరున్న బోర్డులను గడ్డిలో సుత్తితో పాతడం దగ్గర్నుంచి, మంచం పట్టిన ముసలమ్మలను పాత ఫోర్డు కారులో హాలుకు చేర్చడం దాకా అన్నీ అతనే. ఆ నియోజకవర్గం కథ చెప్పమంటే ఆకలి మరిచిపోయేవాడు. ఒకప్పుడు ఉత్తరాది పేటలన్నీ కలిపి ఒకే ముక్క, దానికి నలుగురు శాసనసభ్యులు. ఓటు కాగితం మీద గుర్తు కాదు, పేర్ల ఎదుట ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసేవారు. తర్వాత ఆ ముక్కను ముక్కలు చేశారు. అలా పుట్టింది సెయింట్ బేసిల్. మొదటి సభ్యుడు సమ్మెలో జైలుకు వెళ్ళొచ్చిన టోపీలు కుట్టేవాడు. ఆ తర్వాత ఒక ఉక్రేనియన్ బడిపంతులు. ఆ తర్వాత ఒక వకీలు.

"ఆ వకీలు గెలిచిన ఏడాదికే నది అవతల ఇల్లు కట్టుకున్నాడు. ఇక్కడి ఓటు, అక్కడి నిద్ర!" అని ఉమ్మేవాడు హెర్షెల్.

సెయింట్ బేసిల్ ఆడవాళ్ళకు మాత్రం అభ్యర్థిని తూచే తూకం వేరే ఉండేది. ఓట్లకు ముందు ప్రతి అభ్యర్థీ చర్చి హాలుకు వచ్చి, వాళ్ళ పక్కన కూర్చుని పిరొహీలు మడవాలి. ఉడికించిన బంగాళదుంప కూరి, మన కజ్జికాయకు అంచు నొక్కినట్టు నొక్కాలి. ఎవరిది వాళ్ళు గుర్తు పెట్టుకుని మరిగే నీళ్ళలో వేసేవారు. విచ్చుకుపోయిందా, ఆ అభ్యర్థి మాట కూడా అంతే అని లెక్క. వకీలుగారి పిరొహీలు ఒక్కటీ విచ్చుకోలేదు. అందుకే ఆ తూకం మీద హెర్షెల్‌కు నమ్మకం పోయింది.

వెర్నా అక్కడి ఆదివాసుల్లో క్రీ జాతి మనిషి. చిన్నప్పుడే, ఉత్తరాన ఆ జాతికి ప్రభుత్వం కేటాయించిన రిజర్వు నుంచి నగరానికి వచ్చి ఆస్పత్రి దుప్పట్లు ఉతికే చోట పనిలో చేరింది. దోసియాను ఉక్రేనియన్ పల్లె నుంచి యుద్ధం తరిమితే ఇక్కడ వచ్చి పడింది. రైలు యార్డులో పనిచేసే ప్రొకిప్‌ను చేసుకుని ఆ వీధిలో కాపురం పెట్టింది. కూతురు నాడియాకు జ్ఞానస్నానం చేయించిన రోజున బిడ్డను ఎత్తుకోవడానికి బంధువంటూ ఒక్కరు లేకపోతే వెర్నా ఎత్తుకుంది. మన చర్చి మనిషి కాదు కదా, పేరు రాసుకోనన్నాడు పాదిరి. రాయకపోతే మానె, ఎత్తుకున్న చేతులు ఎత్తుకున్నవే. అలా బిడ్డను ఎత్తుకున్న మనిషిని తల్లి 'కుమా' అని పిలుస్తుంది. ఆనాటి నుంచి ఇద్దరూ ఒకరికొకరు కుమాలే.

ఇద్దరూ మొదటిసారి ఓటు వేసింది ఒకే రోజున, 1953లో. వెర్నా వాళ్ళకు రాష్ట్రం ఓటు హక్కు ఇచ్చి ఎంతో కాలం కాలేదు. అది తీసుకుంటే పూర్వం ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందం కింద వచ్చిన హక్కులన్నీ లాక్కుంటారని రిజర్వులో పెద్దలు భయపడుతుండేవారు. దోసియాకు అప్పుడే పౌరసత్వం వచ్చింది. ఆమెకూ ఓటు పెట్టెతో పాత పరిచయం ఉంది, మంచిది కాదు. పదిహేడేళ్ళ వయసులో, పరాయి సైన్యం వాళ్ళ పల్లెలోకి వచ్చిన తొలి శరత్కాలంలో ఎన్నికలన్నారు. ఎర్రగుడ్డ కప్పిన పెట్టె ఒకటి, పక్కన తుపాకీతో సైనికుడు. కాగితం మీద ఒకే పేరు. చేతిలోంచి కాగితం సైనికుడే తీసుకుని పెట్టెలో వేసేవాడు. దోసియా తండ్రి వెళ్ళలేదు. "నాకు కడుపు నొప్పి," అన్నాడు. వారం తిరక్కుండా బండి వచ్చి ఆయన్ని తీసుకుపోయింది. మళ్ళీ కనబడలేదు.

అందుకని 1953లో దోసియా గట్టిగా నిర్ణయించుకుంది, వెర్నాను తనే తీసుకువెళ్ళాలని. హాలు తలుపు దగ్గర కూర్చున్నవాడు వెర్నాను ఎగాదిగా చూసి, "నీక్కూడానా?" అన్నాడు. వెనక నిల్చున్నవాళ్ళంతా ఆమెను దాటుకుని లోపలికి పోతుంటే ఆమె అలాగే నిలబడింది. దోసియా పక్కనుంచి కదల్లేదు. చివరకు పేరు దొరికింది. బయటికొచ్చాక వెర్నా అంది, "ఇక మీదట నువ్వు లేకుండా నేనా గడప తొక్కను కుమా. నువ్వు వస్తేనే ఓటు, లేకపోతే లేదు."

ఆ మాట దోసియా ఎముకల్లో నాటుకుంది. ప్రొకిప్ పోయినా, నాడియా పెళ్ళి చేసుకుని నది అవతలికి వెళ్ళినా, మోకాళ్ళు మొరాయించినా ఆ మాట తప్పలేదు. తను ఒక్కసారి తప్పితే వెర్నా ఓటు పోయినట్టే.

అక్కడ పదేళ్ళకోసారి నియోజకవర్గాల హద్దులు తిరగ గీస్తారు. 1988లో గీసిన కొత్త పటం లైబ్రరీ గోడకు తగిలించారు. దోసియా కళ్ళద్దాలు తుడుచుకుని తన వీధి వెతుక్కుంది. దొరికింది. దాని నడుమ లావుపాటి నల్ల గీత. ఇటు దోసియా వరస, సందు, హెర్షెల్ ఇల్లు: సెయింట్ బేసిల్. అటు వెర్నా వరస: వెల్డన్ అనే పొరుగు నియోజకవర్గం. వాళ్ళ ఓటు ఇకనుంచి పెద్ద రోడ్డు అవతలి బడిలో. పటం గీసేవాళ్ళకు వీధి అంటే తారు. అక్కడ బతికేవాళ్ళకు అది ఇంటి ముందు వసారాతో సమానం. ఆ సంగతి పటంలో ఎక్కడా ఉండదు.

ఆ సాయంత్రం దోసియా వెర్నా ఇంటికి వెళ్ళింది. మొహం చూడగానే వెర్నా పట్టేసింది.

"ఏవిటలా మొహం వేలాడేశావు? పటం చూసొచ్చావా?"

"చూశాను."

"అయితే ఏముందిలే. నా ఓటు లేకపోతే ఈ రాష్ట్రం రాత్రికి నిద్రపోదా?"

"నోరు ముయ్యి. నీకు ఓటు రావడానికి ఎన్నాళ్ళు పట్టింది?"

"వచ్చింది కదే. చూశాను, వేశాను. ఇక చాలు," అంది వెర్నా, రొట్టె మీద జామ్ రాస్తూ. కానీ కళ్ళెత్తలేదు. దోసియా అది చూసింది.

హద్దుల మీద ఎవరికేం చెప్పుకోవాలన్నా వచ్చి చెప్పవచ్చని ప్రకటన వేశారు. దోసియా ఎవరికీ చెప్పకుండా బస్సెక్కింది. పుట్టి బుద్ధెరిగాక నలుగురిలో నిలబడి మాట్లాడింది లేదు. బల్ల అవతల హద్దులు గీసే కమిషన్ వాళ్ళు ముగ్గురు కూర్చున్నారు. పెద్దాయన మెత్తని మనిషి.

"చెప్పండమ్మా."

"అయ్యా, నాకు ఇంగ్లీషు సరిగా రాదు. చిన్న మాట. మా వీధిలో ఇళ్ళు ఒకదాని మొహం ఒకటి చూసుకుంటాయి. మీ గీత మా మొహాల మధ్య పడింది. కాస్త జరపండి."

"ఎటు జరపమంటారు?"

"ఎదుటి వరసని మా వైపు కలపండి."

ఆయన పటం మీదికి వంగి చాలాసేపు చూశాడు. "అటువైపు కలిపితే సెయింట్ బేసిల్‌లో జనం ఎక్కువైపోతారమ్మా. ఇప్పటికే అంచుమీద ఉంది. కుదరదు."

దోసియా నిలబడే ఉంది. వెళ్ళమన్నట్టే కానీ కాళ్ళు కదల్లేదు. పక్కనున్న ఆవిడ అడిగింది, "మీ ఇళ్ళ వెనక సందు ఉందా?"

"ఉంది."

"గీతను ఆ సందులోకి దింపవచ్చు. అప్పుడు ఎదుటి వరస మీ దగ్గరికి రాదు, మీరే వాళ్ళ దగ్గరికి పోతారు. మీ వరసంతా వెల్డన్‌లో పడుతుంది. ఫరవాలేదా?"

సెయింట్ బేసిల్ అంటే ఆమెకు పటంలో ముక్క కాదు. ప్రొకిప్ శవపేటిక బయల్దేరిన హాలు అది. పిరొహీల బల్ల అది. ప్రతి ఎన్నికకూ మెట్ల దగ్గర నిలబడి ఎగతాళి చేసే హెర్షెల్ అది. అయినా అంది, "ఫరవాలేదు."

"మీ వరసలో మిగతావాళ్ళకూ ఇష్టమేనా? అడిగారా?"

అడగలేదు. ఒక్కరినీ అడగలేదు. "ఇష్టమే," అంది దోసియా. అరవై ఆరేళ్ళ జీవితంలో ప్రభుత్వం వారి ఎదుట ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే. అది కూడా తడుముకోకుండా ఆడింది.

చలికాలంలో తుది పటం వచ్చింది. గీత సందులోకి దిగింది. దోసియా వరసలో ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఇళ్ళలో సగం మంది కొత్తవాళ్ళు, మనీలా నుంచి వచ్చి రెండు షిఫ్టులు పనిచేసేవాళ్ళు. వాళ్ళకు రెండు నియోజకవర్గాలూ ఒకటే. పట్టించుకున్నది ఒక్క హెర్షెల్. మంచు పారతో పక్కకు తోస్తూ సందు గేటు దాకా వచ్చాడు. ఎప్పుడూ 'ఏమే దోసియా' అని పిలిచే మనిషి ఆ రోజు టోపీ తీశాడు.

"మిసెస్ కిన్‌డ్రాచుక్, కమిషన్ దగ్గరికి వెళ్ళింది మీరేనటగా?"

"మీరు" అనేసరికే దోసియాకు అర్థమైంది. "నేనే."

"వరస మొత్తాన్ని కోటు జేబులో వేసుకుని పోయి వాళ్ళకి ఇచ్చేసి వచ్చారు. మా పార్టీ సెయింట్ బేసిల్‌లో నిలబడేదే మీ వరసతో. నాకో మాట చెప్పారా? కంచె అవతలే ఉన్నానుగా. టమాటాలు కావలసి వస్తే కేకేస్తారు కదా?"

"వెర్నా ఓటు పోయేది హెర్షెల్."

"నన్ను అడిగితే నా కారులో తీసుకెళ్ళేవాణ్ణి ఆవిడని! నరకం దాకా అయినా తీసుకెళ్ళేవాణ్ణి. మీరు నన్ను అడగలేదు, అదీ నా బాధ." టోపీ పెట్టుకున్నాడు. "వెల్డన్ వాళ్ళకి నా అభినందనలు."

ఆనాటి నుంచి సందులో ఎదురుపడితే తల ఊపి పోయేవాడు. వేసవిలో కంచె మీద అతను ఏటా పెట్టే టమాటాల బుట్ట కనబడలేదు. దోసియాకు అది చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది. తగలవలసిందేనని కూడా అనుకుంది.

వెర్నాకు మాత్రం సంగతి తెలిసినప్పుడు మొదట నవ్వొచ్చింది. "పిచ్చిదానా! నీ హాలు వదులుకున్నావా? నీ మొగుడి హాలు?" అంటూ నవ్వి, నవ్వు ఆగిపోయాక దోసియా చెయ్యి పట్టుకుని కూర్చుండిపోయింది. "ఎవరు అడిగారే నిన్ను ఇంత పని చెయ్యమని?"

"నువ్వే. యాభై మూడులో."

వెర్నా ఏదో చెప్పబోయింది. చెప్పకుండా కెటిల్ దగ్గరికి వెళ్ళింది.

అటుపై శరత్కాలంలో వెర్నాకు జబ్బు బయటపడింది. ఊపిరితిత్తులన్నారు. ఆస్పత్రిలో, తను ఏళ్ళ తరబడి ఉతికిన దుప్పట్ల మీదే పడుకుంది. "ఇప్పుడు తెలిసింది, ఎంత గరుగ్గా ఉండేవో," అంది. మంచు కరగకముందే కన్నుమూసింది. రిజర్వులో, నది ఒడ్డున, తల్లి పక్కన పూడ్చారు. దోసియా గడ్డకట్టిన మట్టి ముద్ద చేతిలోకి తీసుకుని వేయలేక వేసింది. ఆ రోజు జనంలో దూరంగా హెర్షెల్ కూడా కనబడ్డాడు. మాట్లాడలేదు.

సెప్టెంబరులో ఎన్నికలొచ్చాయి. సెయింట్ బేసిల్ నుంచి ఏ పిలుపూ రాలేదు. రాదు, ఆమె ఇప్పుడు ఆ ముక్క మనిషి కాదు. వెల్డన్ అభ్యర్థులెవరో, వాళ్ళు పిరొహీ మడవగలరో లేదో కూడా ఆమెకు తెలియదు. ఎవరికోసం అటు వెళ్ళిందో ఆ మనిషే లేదు. ఎదురింట్లో ఎవరో కుర్ర దంపతులు దిగారు, కిటికీలకు కొత్త తెరలు.

ఓట్ల రోజున దోసియా పువ్వుల రుమాలు కట్టుకుంది. నల్ల కోటు తొడుక్కుంది. కుర్చీలో కూర్చుంది. లేవలేదు. పది దాటింది. మధ్యాహ్నమైంది. నాడియా ఫోన్ చేసింది. "వెళ్ళావా అమ్మా?" "వెళ్తాలే." వెళ్ళలేదు. మోకాళ్ళు నొప్పి అనుకుంది. కడుపులో బాగా లేదనుకుంది. అలా అనుకోగానే తండ్రి గుర్తొచ్చాడు. ఆయన ఆనాడు వెళ్ళకపోవడానికి ధైర్యం కావాలి. తను ఈనాడు వెళ్ళకపోవడానికి ఏమీ అక్కర్లేదు. సిగ్గుతో ఆమెకు ఏడుపొచ్చింది.

పెరటి తలుపు ఎవరో కొట్టారు. సందు వైపు తలుపు. హెర్షెల్. కోటుకు తన అభ్యర్థి బిళ్ళ, చేతిలో కారు తాళం. ఎన్నికల రోజు ఆ వేళకు అతను సెయింట్ బేసిల్ ముసలివాళ్ళను మోస్తూ ఊపిరి సలపకుండా ఉండాలి.

"పదవే," అన్నాడు.

"ఎక్కడికి?"

"ఎక్కడికేవిటి? ఓటుకి. నీ వెల్డన్‌కి."

"నీకు అక్కడ ఓటు లేదుగా."

"నాకు కారు ఉంది, కాళ్ళు ఉన్నాయి. అవి ఏ నియోజకవర్గానివో ఎవడూ గీత గీయలేదు. లే."

దోసియా కదల్లేదు. "వెళ్ళి నీ వాళ్ళని చూసుకో. నీకు అక్కడ ఒక్కో ఓటూ ముఖ్యం. నా ఓటు వల్ల నీకు ఒరిగేది లేదు."

హెర్షెల్ గుమ్మం మీద కూలబడ్డాడు, ముసలివాళ్ళు కూర్చున్నట్టు, చేత్తో గోడ పట్టుకుని. "వెర్నా నన్ను ఆస్పత్రికి పిలిపించింది. నీతో మాట్లాడనందుకు ముందు నన్ను చెడామడా తిట్టింది. తర్వాత ఒక మాట తీసుకుంది."

"ఏం మాట?"

"'ఎన్నికలొస్తే దాన్ని నువ్వు తీసుకెళ్ళు, అది ఒంటరిగా వెళ్ళలేదు' అంది. యాభై మూడులో తలుపు దగ్గర వాడు తనని ఆపినప్పుడు నీ చెయ్యి ఆకులా వణికిపోయిందట. పెట్టె దగ్గర నీ మోచెయ్యి కింద తను చెయ్యి పెట్టకపోతే కాగితం కింద పడేదట. 'నువ్వు లేకుండా నేను రాను అని చెబితే తప్ప ఆ మనిషి మళ్ళీ ఓటు దగ్గరికి రాదని అప్పుడే తెలిసింది నాకు' అంది."

"అబద్ధం! భయపడింది అదే. నేనే దాన్ని తీసుకెళ్ళాను. అన్నేళ్ళూ నేనే తీసుకెళ్ళాను."

"సరే, నువ్వే తీసుకెళ్ళావు. ఇప్పుడు లే."

దోసియా కుర్చీ చేతి మీద చెయ్యి ఆనించి లేవబోయింది. ఆ చెయ్యి వణుకుతోంది. ఇద్దరూ దాన్ని చూశారు.

బడి మెట్ల దగ్గర హెర్షెల్ ఆగిపోయాడు. ఎన్నికల రోజున సెయింట్ బేసిల్ దాటి అడుగుపెట్టడం అతనికి అదే మొదలు. కోటు మీది బిళ్ళ విప్పి జేబులో వేసుకున్నాడు. "ఇక్కడిదాకే నేను. లోపలికి రానివ్వరు. ఇక్కడే ఉంటాను, ఎక్కడికీ పోను."

లోపల అంతా పరాయి మొహాలే. పేరు చెప్పింది. వినబడలేదంటే రెండోసారి చెప్పింది. తెర వెనక పెన్సిల్‌తో గుర్తు పెట్టి, కాగితం మడిచి పెట్టె దగ్గరికి వచ్చింది. అక్కడ కూర్చున్న కుర్రాడు కాగితం చివర చింపి తిరిగిచ్చి, ఆమె చెయ్యి చూసి జాలిపడ్డాడు.

"ఇలా ఇవ్వండి మామ్మా, నేను వేసేస్తాను."

దోసియా కాగితాన్ని గుండెకు అదుముకుంది. కుర్రాడు మంచివాడే. అతని పక్కన తుపాకీ లేదు, పెట్టె మీద ఎర్రగుడ్డ లేదు. మోచెయ్యి కింద వెర్నా చెయ్యీ లేదు.

"వద్దు నాయనా. నేనే వేస్తాను," అంది.

మొదటిసారి కాగితం పెట్టె అంచుకు తగిలి పక్కకు వంగింది. ఎడమచేత్తో తన మోచెయ్యి తనే పట్టుకుని, రెండోసారి వేసింది.

బయట హెర్షెల్ టోపీ చేతుల్లో నలుపుకుంటూ నిలబడి ఉన్నాడు. "అయిందా?"

"అయింది."

ఎవరికి వేశావని నోటిదాకా వచ్చింది అతనికి. పుట్టి బుద్ధెరిగాక ఆ ప్రశ్న మింగడం అదే మొదలు. మోచెయ్యి చాచాడు. దోసియా పట్టుకుంది. ఇద్దరూ మెట్లు దిగి, టీ, తేనె కేకు సంగతి మాట్లాడుకుంటూ కారు వైపు నడిచారు.